సర్వర్లలో నిల్వ స్థలం ఆదాకు వి.డి.ఓ. విధానం - పాటించవలసిన జాగ్రత్తలు

కార్యాలయాలలో కంప్యూటరీకరణ విస్తరించిన కొలదీ ఒకే ఉత్తర్వు, ఒకే దరఖాస్తు నమూనా అనేక ప్రతులుగా సర్వర్లలో పేరుకుపోతున్నాయి. ఈ పునరుక్తిని తొలగించి, మిగిలిన సమాచారాన్ని కుదించి భద్రపరచుటకు లినక్స్ సర్వర్లలో వి.డి.ఓ. అను సదుపాయం కలదు. పర్మాబిట్ సంస్థ రూపొందించిన ఈ పరిజ్ఞానాన్ని 2017లో రెడ్ హ్యాట్ సంస్థ కొనుగోలు చేసింది. 2024లో విడుదలైన లినక్స్ కెర్నల్ 6.9లో ఇది అంతర్భాగమైనది.

పనిచేసే తీరు: సమాచారాన్ని 4 కిలోబైట్ల భాగాలుగా పరిశీలించి, కేవలం సున్నాలతో కూడిన వాటిని వదలివేస్తుంది. ఇదివరకే నిల్వ ఉన్న భాగం మరల వచ్చినచో తిరిగి వ్రాయక, పాత భాగానికే సూచిక ఉంచుతుంది. కొత్త భాగాలను ఎల్.జెడ్.4 పద్ధతిలో కుదిస్తుంది.

ఏర్పాటు: వాల్యూమ్ గ్రూపులో 'ఎల్.వి.క్రియేట్' ఆదేశంతో వి.డి.ఓ. తరహా వాల్యూమ్‌ను సృష్టించి, డిస్కుపై గల అసలు పరిమాణాన్ని, వినియోగదారుకు చూపవలసిన పరిమాణాన్ని వేర్వేరుగా పేర్కొనాలి. 1 టెరాబైట్ డిస్కు స్థలాన్ని వర్చువల్ మెషిన్లకు 10 టెరాబైట్లుగా, ఆబ్జెక్ట్ నిల్వకు 3 టెరాబైట్లుగా చూపవచ్చునని రెడ్ హ్యాట్ సూచించింది.

జాగ్రత్తలు: ఫైల్ సిస్టమ్‌లో ఖాళీ కనిపించుచున్నప్పటికీ అసలు డిస్కు నిండిపోవచ్చును. అట్టి స్థితిలో వ్రాత విఫలమై సమాచారం నష్టపోయే ప్రమాదం ఉన్నది. కావున 'ఎల్.వి.ఎస్.' ఆదేశంతో వాస్తవ వినియోగాన్ని క్రమం తప్పక పరిశీలించాలి. తొలగించిన ఫైళ్ల స్థలాన్ని 'ఎఫ్.ఎస్.ట్రిమ్' ద్వారా తిరిగి పొందాలి. ముందే కుదించిన ఫొటోలు, వీడియోలు, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్ల విషయంలో ప్రయోజనం స్వల్పమే. అనేక ఫైళ్లు ఒకే భాగంపై ఆధారపడి ఉండుటచే అది చెడినచో అన్నియూ దెబ్బతినును. అందువలన వేరొక డిస్కుపై బ్యాకప్ తప్పనిసరి.