జోడు యంత్రముల పడవ: పెట్రోలునుండి డీజెలునకు

రాయలసీమలో పడవను గూర్చి ప్రసంగమా యని శ్రోతలలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వదగిన మాట కాదు. సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడపవరకు సాగు కె. సి. కాలువను 1863–1870 సంవత్సరముల నడుమ త్రవ్వించినపుడు, అది పైరులకే కాక పడవల రాకపోకలకు కూడ ఉపకరింపవలెనని తలపెట్టిరి. ఆ ఆశ పండలేదు. 1882లో ప్రభుత్వము కాలువను కొనుగోలు చేసినది. తుదకు అది సేద్యపు కాలువగనే మిగిలినది. అయితే శ్రీశైలము ఆనకట్ట వచ్చినపిదప మన సీమ అంచున సముద్రమువంటి జలాశయమే ఏర్పడినది. నీటిమట్టము 885 అడుగులకు చేరినపుడు సంగమేశ్వరాలయము మునిగి, కొండల నడుమ నీరు కనుచూపుమేర పరచుకొనును. అట్టి నీటిపై రెండు యంత్రములుగల వేగపు పడవను నడుపువారికి తోచు ప్రశ్న యొకటి కలదు. పెట్రోలు యంత్రములు పాతబడినపుడు వాని స్థానమున డీజెలు యంత్రములను దింపవచ్చునా?

దింపవచ్చును. కాని యంత్రము మార్చుట ఈ పనిలో సగము కూడ కాదు.

మన రైతులు కపిలను మాని ఆయిలింజను పెట్టిన దినములు పెద్దలకు జ్ఞప్తియుండును. ఇంజను బావిగట్టున దింపిన మాత్రమున నీరు రాలేదు. ఇంజనుకు తగిన పంపు, పంపునకు తగిన గొట్టము, రెండింటిని కలుపు బెల్టు కుదిరినపుడే కాలువ పారినది. పడవలో ఆ పంపు స్థానమున నుండునది ప్రొపెల్లరు, అనగా నీటిలో తిరుగు రెక్కల చక్రము.

డీజెలును కోరుటకు మొదటి కారణము పొదుపని చాలమంది యందురు. నా దృష్టిలో మొదటి కారణము నిప్పు. పెట్రోలు సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో సైతము మండదగిన ఆవిరిని విడుచును. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. మోటారుబండిలోనైన నేలకు జారి చెదరిపోవును. పడవలో పోవుటకు దారిలేక అడుగున చేరి పొంచియుండును. మీట నొక్కినపుడు పుట్టు చిన్న నిప్పురవ్వ దానికి చాలును. డీజెలు అంత సులభముగ ఆవిరి కాదు. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనుల వేగపు టార్పెడో పడవలు డీజెలుతో నడువగా, బ్రిటిషువారి, అమెరికావారి పడవలు హెచ్చుగ పెట్రోలుతో నడచినవి. గుండు తగిలినపుడు ఏది ముందు అంటుకొనెడిదో చెప్పనక్కరలేదు. అయితే ఇచట ఒక హెచ్చరిక అవసరము. మన దేశపు డీజెలు ప్రమాణములో జ్వలనబిందువునకు నియమించిన కనీసపు హద్దు 35 డిగ్రీలే. కర్నూలు వేసవిలో నీడపట్టుననే 40 దాటును. మూసిన యంత్రపు గదిలో ఇంకను హెచ్చు. డీజెలున్నది గదా యని అచట బీడీ వెలిగించువాడు బుద్ధిమంతుడు కాడు.

ఇక పొదుపు. అంతే అశ్వశక్తికి డీజెలు ఖర్చు పెట్రోలుకంటె సుమారు మూడింట ఒక వంతు తక్కువ. దినదినము జనమును త్రిప్పు పడవకు ఇది లాభమే. ఏడాదికి నలువది గంటలు తిరుగు విలాసపు పడవకు మాత్రము క్రొత్త యంత్రముల వెల ఎన్నటికిని తీరదు. ఆ యజమాని పెట్రోలునే నమ్ముకొని, ఆవిరిని వెడలగొట్టు పంకాను చక్కగ నుంచుకొనుట మేలు. డీజెలు మందకొడి యను అపవాదు నేడు నిలువదు. 1965లో ఇంగ్లండున కౌస్ నుండి టార్క్వే వరకు జరిగిన పందెమున డిక్ బెర్ట్రామ్ ‘బ్రేవ్ మాపీ’ యను జోడు డీజెళ్ల పడవతోనే గెలిచెను.

ఇప్పుడు అసలు విషయము. పాత పెట్రోలు యంత్రము నిమిషమునకు 4800 చుట్లు తిరిగి పూర్తిశక్తి నిచ్చుననుకొందము. వెనుకనున్న గేరుపెట్టె ఆ వేగమును సగము చేసి ప్రొపెల్లరును 2400 చుట్లు త్రిప్పును. క్రొత్త డీజెలు శక్తి అంతే, కాని దాని వేగము 3600. పాత గేరుపెట్టెనే ఉంచినచో ప్రొపెల్లరు 1800 చుట్లే తిరుగును. ప్రొపెల్లరు గ్రహించు శక్తి చుట్ల వేగమును మూడుసార్లు గుణించిన తీరున పెరుగును, తరుగును. చుట్లు నాలుగింట మూడు వంతులైనచో గ్రహించు శక్తి నూటికి 42 పాళ్లకు పడిపోవును. లక్షలు పోసి కొన్న యంత్రములో సగము పడవలో ఊరక కూర్చుండునన్నమాట.

దీనికి రెండు మార్గములు. ఒకటిన్నర చుట్లను ఒకటిగ తగ్గించు గేరుపెట్టె పెట్టినచో మరల 2400 చుట్లు వచ్చును. పాత ప్రొపెల్లరే దాదాపు సరిపోవును. లేదా చుట్లు తక్కువగనే ఉంచి పెద్ద ప్రొపెల్లరును వేయవలెను. నిదానముగ తిరుగు పెద్ద రెక్క బరువును లాగుటలో మిన్న. కాని అపుడు ఇరుసుపై పడు మెలిబలము మూడింట ఒక వంతు పెరుగును గనుక ఇరుసు కూడ లావు కావలెను. పైగా రెక్క మరికొన్ని అంగుళములు లోతునకు దిగును. శ్రీశైలము జలాశయమున వేసవి ముదిరినకొలది నీరు తరిగి, మునిగిన బండలు, చెట్ల మొదళ్లు, గుడిగోడలు పైకి వచ్చును. ఆ లోతున తిరుగు రెక్క ఏదో ఒక రాతిని వెదకి పట్టుకొనకమానదు. మన నీళ్లకు మొదటి మార్గమే తగినదని నా అభిప్రాయము.

రెక్కల ఏటవాలును, అనగా ఒక్క చుట్టుకు అవి ముందుకు సాగదగిన దూరమును, పిచ్ అందురు. వేగమునకై దానిని అతిగ పెంచినచో యంత్రము తన పూర్తి చుట్లకు చేరలేక, నల్లపొగ చిమ్ముచు వేడెక్కి, కొద్దికాలముననే చెడును. కపిలకు మోయలేని బాన కట్టినచో ఎడ్లు గట్టుననే నిలిచిపోవుట చూడలేదా!

ఎడ్ల మాట వచ్చినది గనుక, రెండు యంత్రములు కాడికి కట్టిన జోడువంటివి. దాపటిది ఒక తీరు, వలపటిది మరియొక తీరు అయినచో పడవ ప్రక్కకు లాగును. కుడి ప్రొపెల్లరు కుడికి, ఎడమది ఎడమకు తిరుగుట రివాజు. అపుడే ఒకదాని ప్రక్కపోటు మరొకదానితో సరిపోవును. యంత్రములు రెండును ఒకే దిశకు తిరుగునవే యైనను, తగిన గేరుపెట్టెతో ఒక ప్రొపెల్లరును ఎదురు త్రిప్పింపవచ్చును. డబ్బు చాలక ఈ ఏడు ఒకటి, మీదటి ఏడు ఒకటి మార్చుదమనుట మాత్రము కూడదు.

బరువు సంగతి కూడ తక్కువది కాదు. డీజెలులో గాలిని పదునైదు, ఇరువది రెట్లు నొక్కి, ఆ వేడిమితోనే నూనెను మండింతురు. అంత ఒత్తిడిని తాళుటకు దాని అంగములన్నియు దిట్టమైనవి. సమానశక్తికి ఒక్కొక్క యంత్రము నూరు మొదలు రెండువందల కిలోగ్రాములు హెచ్చు తూగవచ్చును. వేగపు పడవ నీటిని చీల్చుకొని పోదు, నీటిపైకి లేచి జారును. వెనుక బరువు పెరిగినచో ముక్కు ఆకాశము చూచును గాని పడవ లేవదు. టాంకులను, బ్యాటరీలను ముందుకు జరిపి తూకము సరిచేయవలెను. యంత్రము కూర్చుండు దూలములను బలపరుపవలెను. గాలి వచ్చు కంతలు, పొగ పోవు గొట్టములు కూడ పెద్దవి కావలెను.

ఇట్టి మార్పు పడవ నిలకడకు, భద్రతకు సంబంధించినది గనుక ముందుగనే అధికారుల అనుమతి పొందవలెను. 1917 నాటి చట్టమునకు బదులుగ వచ్చిన 2021 అంతర్దేశ నౌకల చట్టము ఇట్లే విధించుచున్నది.

ఇరుసు, యంత్రము ఒకే వరుసలో నున్నవో లేవో ఒడ్డున చూచినది చాలదు. పడవ నీట దిగినపిదప కొంత వంగును గనుక రెండు మూడు దినములు నీటిలో నిలిపి, టాంకులు నింపి మరల చూడవలెను. అటుపిమ్మట పరీక్ష. ఖాళీ పడవను ఇద్దరెక్కి నడిపి చూచుట పరీక్ష కాదు. ప్రయాణికులెందరో అందరి బరువునకు సరిపడు ఇసుకబస్తాలను వేసి, రెండు మీటలను పూర్తిగ త్రోసి, చుట్ల గడియారములను చూడవలెను. రెండును 3600 చూపినచో సరి. 3300 వద్దనే ఆగి పొగ నల్లబడినచో, పిచ్ తగ్గించుటకు పడవను మరల ఒడ్డున కెక్కింపవలెను.