వైమాక్స్ పోయింది, దాని చిప్ మిగిలింది

1971 డిసెంబరు 9 రాత్రి గుజరాత్ తీరంలో, డయ్యూకు దూరంగా నడిసముద్రంలో, ఐఎన్‌ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. నీటిలో శబ్దంతో జలాంతర్గాములను వెతికే మన ఓడల సోనార్ శత్రువును సకాలంలో పసిగట్టలేకపోయింది. యుద్ధం ముగిశాక ఆ లోపం సరిదిద్దే పని నౌకాదళం ఎవరికి అప్పగించిందంటే, ఐఐటీ ఢిల్లీలో సిగ్నళ్ల గణితం చదువుతున్న ఒక యువ అధికారికి. ఆయన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్. వైమాక్స్ అనే పద్ధతిలో దూరప్రాంతాలకు తీగ లేకుండా బ్రాడ్‌బ్యాండ్ మోసుకెళ్లిన చిప్ కథను నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. రొదలోంచి కావలసిన సిగ్నల్‌ను ఏరుకోవడం ఆయన సముద్రం దగ్గర నేర్చుకున్న విద్య.

నౌకాదళం నుంచి బయటికొచ్చాక పాల్‌రాజ్ స్టాన్‌ఫర్డ్ చేరారు. 1992లో అక్కడి ప్రొఫెసర్ థామస్ కైలాత్‌తో కలిసి ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, 1994లో అది మంజూరైంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే సమయంలో, వేర్వేరు యాంటెన్నాల నుంచి వేర్వేరు సమాచారం పంపి, అవతల విడదీయవచ్చన్నది అందులోని ఆలోచన. అప్పటిదాకా గోడలకు తగిలి చెల్లాచెదురయ్యే తరంగాలంటే ఇంజనీర్లకు తలనొప్పి. ఆ చెదిరిపోవడం వల్లనే ఒక్కో దారికి ఒక్కో గుర్తు ఏర్పడుతుందని, దాన్నిబట్టి విడదీయడం సాధ్యమని ఆయన చూపించారు. మైమో అని ఇప్పుడు ఫోన్ల వివరాల్లో కనిపించేది ఇదే.

మైమోకు తోడుగా వచ్చింది ఓఎఫ్‌డీఎం అనే మరో పద్ధతి. టవర్ నుంచి బయల్దేరిన తరంగం నేరుగా ఒకసారి, మేడలకు తగిలి తిరిగి మరికొన్నిసార్లు మనల్ని చేరుతుంది. ఆలస్యంగా వచ్చిన పాత బిట్ కొత్త బిట్ మీద పడి రెంటినీ పాడుచేస్తుంది. వేగం పెంచేకొద్దీ ఈ బెడద పెరుగుతుంది. అందుకని ఒక్క వేగమైన ప్రవాహాన్ని వందలాది నెమ్మదైన పాయలుగా చీలుస్తారు. మగ్గం మీది పడుగులా అన్నీ పక్కపక్కనే సాగుతాయి. ఒకటి రెండు పోగులు తెగినా గుడ్డ నిలుస్తుంది. మొబైల్ వైమాక్స్‌లో 10 మెగాహెర్ట్జ్ వెడల్పుకు ఇలాంటివి 1024. అన్ని పాయల్లో ఒకేసారి వెళ్లే ఒక విడతను సింబల్ అంటారు; ఒక్కో సింబల్ సుమారు 91 మైక్రోసెకన్లు నడుస్తుంది. దాని తోక భాగాన్నే మరో 11 మైక్రోసెకన్ల పాటు ముందు అతికిస్తారు. అంతసేపట్లో రేడియో తరంగం 3 కిలోమీటర్లకు పైగా వెళ్తుంది. కాబట్టి అంత దూరం చుట్టు తిరిగి వచ్చిన ప్రతిధ్వని కూడా ఏమీ చెడగొట్టదు. ఈ పాయలను మళ్లీ విడదీయడానికి చిప్ ఒక్కో సింబల్‌కు 5 వేలకు పైగా గుణకారాలు చేయాలి. గోరంత సిలికాన్ ఆ లెక్కను తక్కువ కరెంటుతో చేయగలిగిన రోజునే ఈ విద్య ఇంటింటికీ వచ్చింది.

ఇంటెల్ 2005 ఏప్రిల్‌లో రోజ్‌డేల్ పేరుతో తన తొలి వైమాక్స్ చిప్ విడుదల చేసింది. 50 కిలోమీటర్లు, 70 మెగాబిట్లు అని ఊదరగొట్టారు. ఆ రెండూ ఒకేసారి దొరకవన్న మాట మాత్రం చిన్న అక్షరాల్లోనే ఉండిపోయింది. మన దేశంలో బీఎస్ఎన్ఎల్ గుజరాత్, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ సర్కిళ్లకు సోమా నెట్‌వర్క్స్‌తో చేయి కలిపింది. 2010 జూన్‌లో ముగిసిన బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్ వేలంలో గుజరాత్ సర్కిల్‌కు గెలిచిన ప్రైవేటు సంస్థలు ఇన్ఫోటెల్, టికోనా. దేశమంతటికీ స్పెక్ట్రమ్ దక్కించుకున్న ఇన్ఫోటెల్‌ను రిలయన్స్ వెంటనే కొనేసింది. కానీ అప్పటికే ఫోన్ల తయారీదారులు, పెద్ద ఆపరేటర్లు వైమాక్స్‌కు పోటీగా వచ్చిన 4జీ పద్ధతి ఎల్‌టీఈ వైపు వెళ్లిపోయారు. వైమాక్స్ ఓడింది సాంకేతికంగా కాదు, తోడు దొరక్క.

చిప్ చేసినవాళ్లు మాత్రం నష్టపోలేదు. పాల్‌రాజ్ స్థాపించిన అయోస్పాన్ అనే కంపెనీని ఇంటెల్ 2003లో కొన్నది. అదే ఏడాది బాబు మండవ తదితరులతో కలిసి ఆయన బీసీమ్ అనే వైమాక్స్ చిప్ కంపెనీ ప్రారంభించారు. కంపెనీ శాంటాక్లారాలో ఉన్నా, డిజైన్ పని చాలావరకు బెంగళూరులో సాగింది. 2010లో బ్రాడ్‌కామ్ దాన్ని 31.6 కోట్ల డాలర్లకు కొన్నది. ఎల్‌టీఈ లోపల ఉన్నదీ అదే ఓఎఫ్‌డీఎం, అదే మైమో. ఆ వేలంలో కొన్న 2300 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ మీద కూడా రిలయన్స్ జియో 2016లో 4జీ నడిపింది.

గీసింది మనవాళ్లు, పోత పోసింది పరాయి దేశాలు. ఈ కథలో నన్ను బాధపెట్టేది అదొక్కటే. అందుకే 2024 డిసెంబరులో సూరత్‌లో తెరుచుకున్న సుచి సెమికాన్ ప్లాంటు నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. పెట్టినవాళ్లు జౌళి వ్యాపారులు. సిలికాన్ పలకను వజ్రపు పొడి అద్దిన రంపంతో చిప్‌లుగా కోయడం, వెంట్రుక కన్నా సన్నటి తీగలు అతకడం, మూత వేసి పరీక్షించడం ఇలాంటి ప్లాంట్లలో జరిగే పని. బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్ చిప్ స్థాయికి ఇది ఇంకా చాలా దూరం. అయినా చిప్ తయారీలో చేతిపని నేర్పే తొలి మెట్టు ఇదే.

సూరత్‌లో తెలంగాణ నుంచి మగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. ఆ పిల్లల తల్లిదండ్రులకు, వాళ్లకు చదువు చెప్పే మాస్టార్లకు నా విన్నపం ఒక్కటే. పదో తరగతి అయ్యాక ఐటీఐ, డిప్లొమాలలో ఎలక్ట్రానిక్స్ గురించి అడగండి, ఇలాంటి ప్లాంట్లలో ఉద్యోగాలకు ఏ అర్హత కావాలో ఇప్పుడే కనుక్కోండి.