పాట ఫ్రీ... టికెట్‌కే డబ్బులు! క్వాంటమ్‌లోనూ అదే లెక్క

ఫిల్మ్‌నగర్‌లో ఈ లెక్క అందరికీ తెలుసు. సినిమా రిలీజ్‌కి చాలా ముందే లిరికల్ వీడియో యూట్యూబ్‌లోకి వచ్చేస్తుంది. పైసా ఇవ్వకుండా వందసార్లు వింటాం. పాట నచ్చితే మొదటి ఆటకే టికెట్ కొంటాం. నిర్మాత పెట్టుబడి తిరిగొచ్చేది అక్కడే.

క్వాంటమ్ కంప్యూటింగ్‌లో పెద్ద కంపెనీలు చేస్తున్నదీ ఇదే. ఐబీఎం 2017లో ‘కిస్కిట్’ని, గూగుల్ 2018లో ‘సర్క్’ని ఓపెన్ సోర్స్‌గా వదిలాయి. అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఊరికే వాడుకోవచ్చు. మరి దాన్ని రాసే ఇంజినీర్ల జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి?

టికెట్ కౌంటర్ ఉన్నది మెషీన్ దగ్గర. అసలు క్వాంటమ్ కంప్యూటర్ మీద ప్రోగ్రాం నడపాలంటే టైమ్ కొనాలి. ఐబీఎం నెలకి 10 నిమిషాలు ఉచితంగా ఇస్తుంది. వాడుకున్నంతకే కట్టే ప్లాన్‌లో అయితే 2025 నాటి రేటు నిమిషానికి 96 డాలర్లు! కాలేజీలో కిస్కిట్‌తో చెయ్యి తిరిగిన కుర్రాడు, రేపు ఉద్యోగంలో చేరాక ఏ మెషీన్ వైపు మొగ్గుతాడో వేరే చెప్పాలా?

ఫ్రీ వేరు, ఓపెన్ వేరు

ఇక్కడే ఒక మెలిక ఉంది. బ్రౌజర్‌లోనే కోడ్ రాసుకునేందుకు ఐబీఎం నడిపిన ‘క్వాంటమ్ ల్యాబ్’, దాంతోపాటు క్లౌడ్ సిమ్యులేటర్లు 2024 మే 15న మూతపడ్డాయి. అవి కంపెనీ సర్వీసులు, కంపెనీ ఇష్టం. కానీ ‘కిస్కిట్ ఏర్’ అనే సిమ్యులేటర్ ఓపెన్ సోర్స్. అది ఇప్పటికీ మన ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. దానికీ హద్దుంది లెండి. 30 క్యూబిట్ల పూర్తి లెక్కకే 16 జీబీ మెమరీ కావాలి. ఆపైన క్యూబిట్ పెరిగినప్పుడల్లా అది రెట్టింపు.

ఈ తేడా జూబ్లీహిల్స్ వీఎఫ్ఎక్స్ కుర్రాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ ‘బ్లెండర్’ని తయారుచేసిన కంపెనీ 2002లో మూతపడింది. అభిమానులే 7 వారాల్లో లక్ష యూరోలు పోగేసి ఆ కోడ్‌ని విడిపించుకున్నారు. ఆ బ్లెండర్‌తోనే తీసిన ‘ఫ్లో’ 2025లో ఆస్కార్ కొట్టింది. కంపెనీ పోయినా కోడ్ బతికింది.

మనకేంటి?

అమరావతిలో ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి 156 క్యూబిట్ల క్వాంటమ్ కంప్యూటర్ పెట్టిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. మెషీన్ గుమ్మం దాకా వచ్చినా, దాని టైమ్‌కి ఒక ధర ఉంటుంది. కోడ్‌కి మాత్రం లేదు. కాబట్టి నేర్చుకోవడం ఇవాళే, ఉన్న ల్యాప్‌టాప్ మీదే మొదలెట్టొచ్చు. అక్కడితో ఆగకండి. ఒక తప్పు సరిదిద్ది పంపండి, ఒక పాఠం తెలుగులో రాయండి. ఓపెన్ సోర్స్ పనుల కోసం 2018లో పుట్టిన ‘యూనిటరీ ఫండ్’ లాంటి లాభాపేక్ష లేని సంస్థలు చిన్న ప్రాజెక్టులకి 4,000 డాలర్ల గ్రాంట్లు కూడా ఇచ్చాయి.

పాట వినేవాడు ప్రేక్షకుడు. ట్యూన్‌లో చెయ్యి కలిపినవాడి పేరు టైటిల్స్‌లో పడుతుంది. మీరెటు?