వెదురుపొద: కోత మర్యాద

చేట లేని యిల్లు, తట్ట లేని పెరడు ఒకప్పుడు మన దేశమున అరుదు. నేడు ప్లాస్టిక్కు సామాను వచ్చినను, పెండ్లికి గంపలును నోములకు చేటలును వెదురువే కావలయును. ఆ వెదురును ఎట్లు కోసిన అడవి నిలుచునో సోదరీమణులకు దెలుపుట మా యుద్దేశము.

వెదురు గడ్డిజాతి మొక్క. తూర్పుకనుమలలో ముండ్లవెదురును, బోలు తక్కువయై గట్టిగా నుండు మరియొక జాతియును తమంత తామే పెరుగుచున్నవి. వానలు పడగానే భూమిలోని దుంపనుండి కొమ్ములు వెలువడి, ఆ యేటనే పూర్తి యెత్తు నందుకొనును. అటుపై లావెక్కవు, గట్టిపడుటకు మాత్రము రెండు మూడేండ్లు పట్టును. లేతబొంగు నరికినచో నష్టములు రెండు: అల్లిన చేట త్వరగా పురుగుపట్టును, దుంపను పోషించు ఆకులు పోయి, మరుసటేటి కొమ్ములు సన్నబడును.

ముదురుబొంగులు పొద నడుమను, లేతవి అంచునను ఉండును. తొందరపడువాడు చేతికందిన అంచుబొంగులనే నరుకును. నడిమివి కిక్కిరిసి యెండును. తెలిసినవారు వానకాలమున పొదపై కత్తి వేయరు. 3, 4 ఏండ్ల కొకసారి లోపలి ముదురువానిని దీసి, ఒకటి రెండేండ్లవానిని విడిచెదరు. నేలకు జానెడు పైగా, కణుపు మీదుగా కోసెదరు, దుంపను ముట్టరు.

కొన్ని దశాబ్దముల కొకసారి వెదురు పూచి, గింజనిచ్చి, చచ్చును. ఆ గింజయే మనము వండుకొను వెదురుబియ్యము. దానినంతయు ఊడ్చుకొనక కొంత నేలకు విడిచి, మొలకలను కొన్నియేండ్లు నిప్పునుండియు పశువులనుండియు కాచినగాని క్రొత్తపొద లేవదు.

2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిల్లర అటవీఫలముగా నెంచి, దానిపై అడవివాసుల హక్కు నంగీకరించినది. 2017లో అడవి వెలుపల పెరుగు వెదురును చట్టములోని చెట్ల లెక్కనుండి తొలగించిరి. గట్టున పెంచుకొను రైతున కది వెసులుబాటు.

హక్కుతోపాటు ఓర్పును వలయును. పొద చచ్చినచో, బద్దలు చీల్చి అల్లుకొను మేదర యిల్లాలికి కూడు పోవును. కావున చేట కొనునపుడు బేరమాడుటకు ముందు, "ఇది ఎన్నేండ్ల బొంగమ్మా?" యని అడుగుడు. ముదురుబొంగునకు తగిన వెల యిచ్చువారున్నచో, లేతబొంగు నరుకువారు తగ్గుదురు. అడవిని గాచుటలో గృహిణి చేయదగిన పని యిది.