పైలట్ల అక్రమ తొలగింపు వివాదాలు: నోటీసు గడువు, న్యాయ పరిహారం

1. ఉపోద్ఘాతం

విమాన పైలట్ తొలగింపు న్యాయసమ్మతమా కాదా అన్న ప్రశ్నకు సమాధానం తొలగింపు ఉత్తర్వులో మాత్రమే లభించదు. నోటీసు గడువు ఎవరి ప్రయోజనానికి ఉద్దేశించినది, యాజమాన్యం ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్న రెండు అంశాలపై ఫలితం ఆధారపడుతుంది. ఎయిర్ ఇండియా, దాని అనుబంధ సంస్థకు సంబంధించి 2019-2024 మధ్య వెలువడిన మూడు తీర్పులు ఈ విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి.

2. నోటీసు గడువు

భవిష్యత్తులో ఒక తేదీ నుండి అమలయ్యేలా ఇచ్చిన రాజీనామాను, నిషేధించే నిబంధన ఏదీ లేనప్పుడు, ఆ తేదీకి ముందే ఉపసంహరించుకోవచ్చు. 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సూత్రాన్ని స్థిరపరచింది.

పైలట్ల విషయంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనలు అదనంగా వర్తిస్తాయి. 2009లో ఆరు నెలలుగా ఉన్న నోటీసు గడువును 2017లో కమాండర్లకు ఏడాదికి పెంచారు. పైలట్లు అకస్మాత్తుగా వైదొలగితే విమానాలు రద్దై ప్రయాణికులు ఇబ్బంది పడతారన్నది ఈ నిబంధనల వెనుక ఉన్న కారణం. ఆ కారణంగానే 2019 ఆగస్టులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు, ఈ గడువు ప్రజాప్రయోజనం కోసం ఏర్పడినదని భావించి, రాజీనామా ఉపసంహరణ హక్కును పైలట్‌కు నిరాకరించింది.

2021 జూన్ 1న ఢిల్లీ హైకోర్టు తీర్పు మరో దిశలో సాగింది. నలభై మందికి పైగా ఎయిర్ ఇండియా పైలట్లు రాజీనామాలు సమర్పించి, అవి ఆమోదం పొందకముందే ఉపసంహరించుకున్నారు. అయినప్పటికీ సంస్థ 2020 ఆగస్టులో వాటిని ఆమోదించి వారిని విధుల నుండి తప్పించింది. హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసి, వేతన బకాయిలతో సహా వారిని తిరిగి విధుల్లోకి తీసుకోవాలని ఆదేశించింది. రెండు తీర్పులను కలిపి పరిశీలిస్తే, ప్రయాణికుల రక్షణకు ఏర్పడిన గడువును సిబ్బంది తగ్గింపునకు సాధనంగా వాడుకోరాదన్న భావం వ్యక్తమవుతుంది.

3. యాజమాన్య స్వభావం

ఢిల్లీ తీర్పు నాటికి ఎయిర్ ఇండియా ప్రభుత్వ సంస్థ. అందువల్ల రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ సాధ్యమైంది. 2022 జనవరి 27న సంస్థ టాటా గ్రూపునకు బదిలీ అయింది. బదిలీకి ముందే దాఖలైన పిటిషన్లు సైతం, సంస్థ ప్రైవేటు పరమైన తరువాత, దానిపై విచారణార్హం కావని 2024 మే 16న సుప్రీంకోర్టు నిర్ణయించింది.

ప్రైవేటు యాజమాన్యంలో వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడం సాధారణంగా కుదరదు. 1976 నాటి వైశ్ డిగ్రీ కళాశాల తీర్పు ఇందుకు మూడు మినహాయింపులు చూపింది. వాటిలో ప్రైవేటు సంస్థ పైలట్‌కు ఉపకరించగలిగేది పారిశ్రామిక చట్టం కింద కార్మికునిగా గుర్తింపు పొందడం. అది లభించనిచో సాధారణంగా నష్టపరిహార దావాయే శరణ్యం.

4. ముగింపు

ప్రయాణికులతో విమానం నడపాలంటే పైలట్ గత 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. వ్యాజ్యం సాగినకొద్దీ ఈ అర్హత జారిపోతుంది, తిరిగి పొందాలంటే శిక్షణ అవసరమవుతుంది. కనుక వేతన బకాయిలు మాత్రమే చెల్లిస్తే నష్టం పూర్తిగా పూడదు. పైలట్‌కు న్యాయం ఎంత త్వరగా అందుతుందన్నది, ఏం అందుతుందన్న దానితో సమానమైన ప్రశ్న.