పాత మోటారు సైకిలు ఇంజను సంరక్షణ

తెల్లవాఱుజామున పాలక్యానులు తగిలించుకొని బయలుదేరిన రైతునకు నడిదారిలో బండి ఆగెనేని, ఎండ యెక్కులోపల పాలు కేంద్రమునకు చేరవు. పాతబండి కొన్నవారికి ఈ భయ మెప్పుడును కలదు.

కొన్ని యేండ్ల క్రిందట నేనును ఒక పాత నూరు సి.సి. బండి కొంటిని. పొగ లేదు, చప్పుడు లేదు, మంచి బేరమనుకొంటిని. చిత్తూరునుండి పలమనేరునకు పోవుచు మొగిలి ఘాటు ఎక్కుచుండగా ఇంజను కాగి బిగిసిపోయినది. అంతకుముందు రెండుమారులు కార్బురేటరు విప్పించితిని గాని, ఆయిలెంత యున్నదో ఒక్కనాడును చూడనైతిని. విప్పగా అడుగున చారెడు నల్లని మడ్డి యుండెను. బోరు, పిస్టను మార్పించుటకు బండి వెలలో సగము వ్యయమైనది. తప్పు నాదే.

కావున రైతు సోదరులారా, వారమున కొకమా రాయిలు చూచుకొనుడు. బండిని చదునునేల మీద నడిమి స్టాండు వేసి నిలిపి, ఇంజను కొలది నిమిషములు నడిపి ఆపి, కొంతసేపు తాళి, మూతకున్న కొలపుల్లను తుడిచి దింపవలెను. 1994లో హీరో హోండా తెచ్చిన స్ప్లెండరు వంటి బండ్లకు మర బిగింపకయే దింపి చూడవలెను. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. ఈ బండ్లలో ఇంజనుకును క్లచ్చునకును ఆయిలొక్కటే. కారు ఆయిలు చేతిలోనున్నదని పోసినచో క్లచ్చు జారవచ్చును. డబ్బాపై జాసో ఎం.ఏ. గుర్తు చూచి కొనుడు.

తరువాతిది దుమ్ము. వేరుశనగ నూర్పిళ్ల దినములలో మన మట్టిదారుల సంగతి మీకు చెప్పనేల! ఎయిర్ ఫిల్టరు చిరిగియున్నచో ఆ దుమ్ము లోనికి పోయి గరుకుకాగితమువలె బోరును అరగదీయును; మూసికొనిపోయినచో పెట్రోలు మిక్కిలియై ప్లగ్గు నల్లని మసి పట్టును. ప్లగ్గుపై తడి ఆయిలు కనబడినచో రింగులో, వాల్వు సీళ్లో అరిగినవని అనుమానింపవలెను. స్పాంజి ఫిల్టరును కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, కొంచెము ఆయిలు పట్టించి పిండి పెట్టుకొనవచ్చును. కాగితపు ఫిల్టరును మాత్రము కడుగరాదు, మార్చవలసినదే.

2023 నుండి నూటికి ఇరువదిపాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు బంకులకు వచ్చుచున్నది. చెఱకు పండించువారికి అది మేలే. అయినను ఇథనాలు నీటిని పీల్చును, పాత రబ్బరును చెఱుపవచ్చును. కావున పగిలిన పెట్రోలు గొట్టమును వెంటనే మార్పుడు. బండి నెలలతరబడి నిలుపవలసివచ్చినచో కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు వదలివేయుడు.

ట్యాపెట్ల చప్పుడు బొత్తిగా వినబడకూడదని మెకానిక్కును తొందరపెట్టువారు కలరు. సందు లేకున్నచో వాల్వు పూర్తిగా మూసికొనక కాలిపోవును. ఇంజను చల్లారిన పిదపనే, ఫీలరు గేజితో కొలిచి సందు సరిచేయించుడు.