పాము కరిస్తే కబురు ఏ భాషలో చెప్పాలి?

నాలుగో జ్వరం లేచాక పురుగులకు ఎంత ఆకేసినా చాలదు. పంట మొత్తంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఈ చివరి దశలోనే తింటాయి. అందుకే తెల్లారకముందే తోటలో దిగుతాం, పొద్దు గూకినా కోస్తూనే ఉంటాం. పాములు తిరిగే వేళలూ అవే.

2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం ప్రతి పాముకాటు కేసునూ ఆసుపత్రులు తప్పనిసరిగా రిపోర్టు చేయాలని చెప్పింది. ప్రైవేటువాళ్లకూ ఇదే రూలు. మంచిదే. కానీ ఆసుపత్రి దాకా చేరిన మనిషే లెక్కలోకి వస్తాడు. చేరాలంటే ఇంట్లోవాళ్లకు ఏం చేయాలో ముందే తెలిసుండాలి.

మన తిరుమణిలో చిక్కంతా ఇక్కడే. ఆఫీసు భాష కన్నడం, ఇంటి భాష తెలుగు. కొన్ని ఇళ్లలో ఉర్దూ, తండాల్లో లంబాడీ. సోలార్ పార్కు వచ్చాక హిందీ మాట్లాడే కూలీలూ ఉన్నారు. గోడకు ఒక పోస్టరు అంటిస్తే అందరికీ చేరినట్టు కాదు. చదువురాని అవ్వకు ఏ భాషలో రాసినా ఒకటే.

ఇంట్లో అందరికీ నోటితో చెప్పాల్సినవి ఇవి:

1. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. నాటుమందు, మంత్రం అంటూ టైము పోగొట్టొద్దు.

2. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వెంటనే తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టెతో ఆనించి ఉంచండి. మనిషిని నడిపించొద్దు.

3. పామును పట్టే పని పెట్టుకోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే ఇంజెక్షను పనిచేస్తుంది.

4. రాత్రి నిద్రలో కట్లపాము కరిస్తే నొప్పి, గాటు తెలియకపోవచ్చు. కడుపునొప్పి వచ్చి, రెప్పలు వాలిపోతుంటే తెల్లారేదాకా ఆగొద్దు.

5. 108కి ఫోన్ చేయండి. మనది సరిహద్దు, ఆంధ్రాలోనూ ఇదే నంబరు. టవర్ అటుది పడితే ఫోను అక్కడికి పోవచ్చు. కాబట్టి ముందు “కర్ణాటక, తుమకూరు జిల్లా, పావగడ తాలూకా, తిరుమణి” అనండి. కన్నడంలో అయితే “హావు కచ్చిదె” అంటే చాలు. బండి ఆలస్యమయ్యేట్టుంటే దొరికిన వాహనంలో బయల్దేరండి.

ఒక మనవి. ఈ ఐదు మాటలూ మీ గొంతుతో వాయిస్ మెసేజ్ చేసి పంపండి. ఉర్దూ, లంబాడీ, హిందీ వచ్చినవాళ్లు ఆ భాషల్లో చెప్పండి. ఫోను లేనివాళ్లకు షెడ్డులో ఆకు వేసేటప్పుడు వినిపించండి. తెలిసిన గొంతు చెబితే భయంలోనూ గుర్తుంటుంది.